ఇరవై అంగుళాల సైకిల్ గురించి, మన కొండ దారుల గురించి



పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటాది, ముందే చెప్తున్నాం. ఈ గ్రూపులో పోడు పట్టాల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, నోటిఫికేషన్ల గురించి రాస్తారు, మేమూ చదువుతాం. ఈసారి మేము ఒక సైకిల్ గురించి రాస్తున్నాం. అదీ మన సైకిల్ కాదు. అమెరికాలో 1980ల చివర, 1990ల మొదట్లో మట్టి దిబ్బల మీంచి గాల్లోకి దూకడానికి తయారు చేసుకున్న డర్ట్ జంపింగ్ బీఎంఎక్స్. దాన్తో మనకేటి పని అనుకోకండి. చివర్లో మీతో ఒక పని ఉంది.

మేము ముగ్గురం ఒకే రూము. ముగ్గురిదీ పాడేరు వైపు ఏజెన్సీ, మండలాలు వేరు. ముగ్గురి ఇళ్ళలోనూ కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. మెకానికల్ మూడో సంవత్సరం. మెషిన్ డిజైన్ పేపర్లో సెమినార్ ఒకటి ఉంటాది: ఏదైనా ఒక వస్తువు తీసుకొని, దాన్లో ఒక్కో భాగం ఎందుకు అలాగే ఉందో చెప్పాలి. క్లాసులో ఎలక్ట్రిక్ కార్లు, డ్రోన్లు తీసుకున్నారు. మేము ఈ సైకిల్ పేరు రాసిస్తే వెనక బెంచీల్లో నవ్వారు. "పిల్లల సైకిలా?" అన్నారు.

నవ్వడంలో వాళ్ళ తప్పు కూడా లేదులెండి. మన బజార్లో బీఎంఎక్స్ అని స్టిక్కర్ అంటించి అమ్మేవన్నీ పిల్లల సైకిళ్ళే. చిన్న చక్రాలు, రంగు రంగుల తొడుగులు. పేరు ఒకటే గానీ లోపలి సంగతి వేరు.

మాకు ఈ సైకిల్ ఎందుకు పట్టుకుందంటే, మాలో ఒకడు పదో తరగతి సెలవుల్లో సంత దగ్గర సైకిల్ షాపులో పనిచేశాడు. చక్రం చేత్తో తిప్పి ఏ పుల్ల వదులో, ఏ పుల్ల బిగుసో చెప్పేస్తాడు, బెండు తీసేస్తాడు. వాడికి ఒక రాత్రి ఫోన్లో పాత బీఎంఎక్స్ విప్పుతున్న వీడియో కనపడింది. వెనక చక్రం ఇరుసు చూసి లేచి కూర్చున్నాడు. "ఒరే, ఇది సైకిల్ ఇరుసు కాదు, బండి ఇరుసురా" అన్నాడు. అక్కడ మొదలైంది.

ముందు కథ కొంచెం. 1963లో ష్విన్ అనే అమెరికా కంపెనీ స్టింగ్‌రే అనే సైకిల్ తెచ్చింది. 20 అంగుళాల చక్రాలు, పొడుగు హ్యాండిల్, అరటిపండు లాంటి సీటు. ఆ కంపెనీలో అల్ ఫ్రిట్జ్ అనే ఆయన దీన్ని ఊరికే కలగనలేదు. కాలిఫోర్నియాలో పిల్లలు చిన్న సైకిళ్ళకి ఎత్తు హ్యాండిళ్ళు తగిలించుకొని తిరుగుతున్నారని తెలిసి చేశాడు. అంటే మొదటి డిజైన్ పిల్లలదే, కంపెనీ తర్వాత వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ పిల్లలు మోటోక్రాస్ బైకుల వాళ్ళని చూసి, అదే పని సైకిళ్ళతో మట్టిలో చేయడం మొదలుపెట్టారు. 1970లో లాంగ్ బీచ్ అనే ఊళ్ళో స్కాట్ బ్రైట్‌హాప్ట్ అనే 13 ఏళ్ళ కుర్రాడు ఖాళీ స్థలంలో పందెం పెట్టాడు. మనిషికి 25 సెంట్లు, 35 మంది వచ్చారంట. తను మోటార్‌సైకిల్ పందేల్లో గెల్చుకున్న కప్పులే బహుమతిగా ఇచ్చాడు. 13 ఏళ్ళు! మరుసటి ఏడు, 1971లో, ఆన్ ఎనీ సండే అనే సినిమా వచ్చింది. అది మోటార్‌సైకిళ్ళ సినిమా, కానీ మొదట్లోనే పిల్లలు స్టింగ్‌రేల మీద దుమ్ము లేపుతూ పోతారు. అది చూసి మిగతా ఊళ్ళ పిల్లలూ సైకిళ్ళు మట్టిలో దించారు.

దించాక ఏమైంది? విరిగాయి.

మా సెమినార్ మొత్తం ఈ ఒక్క మాట మీదే నడిచింది. స్టింగ్‌రే వీధిలో తొక్కడానికి చేసిన సైకిల్. దూకితే ఫోర్కు వెనక్కి వంగిపోయేది. పుల్లలు తెగేవి. పెడల్ క్రాంకు ఒరిగిపోయేది. హ్యాండిల్ కిందికి జారిపోయేది. పిల్లల్ని దూకొద్దని తిట్టిన పెద్దోళ్ళు చాలామందే ఉండి ఉంటారు. కొందరు మాత్రం విరిగిన ముక్క చేతిలోకి తీసుకొని, ఎక్కడ విరిగిందీ, ఎందుకు విరిగిందీ చూశారు.

లిన్ కాస్టన్ అలాంటోడు. రెడ్‌లైన్ కంపెనీలో మోటార్‌సైకిల్ ఫ్రేములు చేసేవాడు. 1974 ప్రాంతంలో సైకిల్‌కి గొట్టాలతో ఫోర్కు చేశాడు, క్రోమోలీ ఉక్కుతో. అదే కాలంలో స్కిప్ హెస్ అనే ఆయన, తన కొడుకు సైకిల్ చక్రాలు మాటిమాటికీ పాడవుతుంటే, పుల్లలే లేకుండా పోత పోసిన చక్రం చేశాడు. దాని పేరు మోటోమ్యాగ్. ఆ కంపెనీయే తర్వాత మంగూస్ అయింది.

క్రోమోలీ అంటే ఏటో ఒకసారి చెప్తాం, మెకానికల్ కాని వాళ్ళ కోసం. ఇనుములో క్రోమియం సుమారు నూటికి ఒక వంతు, మాలిబ్డినం అంతకంటే చాలా తక్కువ, సుమారు 0.2 శాతం కలుపుతారు. 4130 అనే నంబరు చూస్తుంటారు. 41 అంటే ఈ రకం ఉక్కు కుటుంబం, 30 అంటే కార్బన్ 0.30 శాతం. విమానాల చట్రాలకి వాడిన గొట్టమే ఇది. మామూలు ఉక్కుతో అంతే బలం కావాలంటే గొట్టం మందంగా తీసుకోవాలి, బరువు పెరుగుతాది. క్రోమోలీ అయితే పల్చగా తీసుకున్నా వంగకుండా ఆగుతుంది. ఒక చిన్న సంగతి, మా సార్ కూడా దీని మీదే ప్రశ్న వేశారు: క్రోమోలీ మామూలు ఉక్కు కన్నా గట్టిగా బిగుసుకొని ఉండదు, రెండూ స్ప్రింగులా ఒకేలా ఒంగుతాయి. తేడా ఎక్కడంటే, మామూలుది కొంత దూరం ఒంగాక అలాగే ఉండిపోతుంది, క్రోమోలీ ఇంకా ఎక్కువ ఒంగి కూడా తిరిగి వెనక్కొస్తుంది. వెదురు తెలిసిన మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

1980లు వచ్చేసరికి రేసుల సైకిళ్ళు తేలికైపోయాయి. పందెంలో ప్రతి గ్రామూ లెక్కే కదా. కానీ కొందరు పందెం వదిలేసి దూకడం మీదే పడ్డారు. వాళ్ళకి ఆ తేలిక సైకిళ్ళు పనికి రాలేదు. 1987లో గ్రెగ్ స్కాట్, క్రిస్ మోయెలర్ అనే ఇద్దరు కుర్ర రైడర్లు కలిసి కాలిఫోర్నియాలో సొంతంగా కంపెనీ పెట్టారు. పేరు ఎస్ అండ్ ఎమ్, ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. వాళ్ళ మొదటి ఫ్రేము మ్యాడ్ డాగ్. తర్వాత డర్ట్ బైక్ అని ఇంకొకటి. వాళ్ళ ఫోర్కు పేరు పిచ్‌ఫోర్క్, అంటే గడ్డి ఎత్తే పంగల కర్ర. పేరు బాగుంది కదా, పొలం వస్తువు పేరు. ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది. అయోవాలో స్టాండర్డ్, ఓక్లహోమాలో హాఫ్‌మన్, ఇవి కూడా రైడర్లు పెట్టుకున్నవే, 1990ల మొదట్లో. మ్యాట్ హాఫ్‌మన్ పేరు వినే ఉంటారు, వీడియో గేమ్‌లో కూడా ఉన్నాడు.

ఇప్పుడు సైకిల్ దగ్గరికి వద్దాం.

దూరం నుంచి చూస్తే పొట్టి సైకిల్. 20 అంగుళాల చక్రం. పెద్దోళ్ళు తొక్కే సైకిల్‌కి ఇంత చిన్న చక్రం ఎందుకు? పుల్ల ఎంత పొట్టిదైతే చక్రం పక్కకి అంత తక్కువ ఊగుతుంది. గాల్లోంచి కొంచెం వంకరగా దిగినా చక్రం ఎనిమిదిలా మెలి తిరగదు. మన పాల సైకిల్ చక్రం 28 అంగుళాలు. దానితో ఎగిరి పక్కకి దిగితే ఏమవుతుందో మా షాపోడికి బాగా తెలుసు.

రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 94 సెంటీమీటర్లు. పాల సైకిల్‌కి అంతకన్నా జానెడు ఎక్కువ. ఫోర్కు కూడా నిటారుగా ఉంటుంది, నేలతో సుమారు 74 డిగ్రీలు. అందుకే హ్యాండిల్ ముట్టుకుంటే చాలు తిరిగేస్తుంది. సీటు బాగా కిందికి ఉంటుంది, అసలు కూర్చోడానికి కాదది. గాల్లో సైకిల్‌ని కాళ్ళ మధ్య ఇటూ అటూ తిప్పాలంటే సీటు అడ్డం రాకూడదు. స్ప్రింగులు ఏమీ లేవు. స్ప్రింగు అంటే తొక్కేవాడి మోకాళ్ళు, మోచేతులే.

ఫోర్కు వచ్చి ఫ్రేములో దిగే చోట, కింది గొట్టం మూలలో ఒక చిన్న త్రికోణం రేకు వెల్డు చేసి ఉంటుంది. గస్సెట్ అంటారు. చూడ్డానికి ఏమీ ఉండదు. కానీ ముందు చక్రం నేలకి తగిలిన దెబ్బంతా వచ్చి ఆగేది ఆ మూలలోనే. వెల్డింగు వేడికి అతుకు పక్కన ఉన్న లోహం మారిపోతుంది, పగులు అక్కడే పుడుతుంది. గస్సెట్ ఆ బరువుని అతుకు నుంచి కొంచెం దూరం లాగి గొట్టం మధ్యకి పంచేస్తుంది. మన ఊళ్ళలో విరిగిన ఫ్రేముకి ఇనప రాడ్డు పెట్టి వెల్డింగు కొట్టిస్తాం. రెండు నెలల్లో మళ్ళీ విరుగుతుంది, సరిగ్గా ఆ అతుకు పక్కనే. "వెల్డింగోడు మోసం చేశాడు" అంటాం. వాడిది మోసం కాదు, వేడి అలాంటిది.

ఇంక ఇరుసు. మా వాడిని లేపి కూర్చోబెట్టింది ఇదే. మామూలు సైకిల్ వెనక ఇరుసు 3/8 అంగుళం, అంటే సుమారు 9.5 మి.మీ. దూకే సైకిళ్ళకి 14 మి.మీ. ఇరుసు వేశారు. తేడా నాలుగున్నర మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ గుండ్రటి కడ్డీ వంగకుండా ఆగే బలం దాని అడ్డుకొలతని మూడుసార్లు గుణిస్తే వచ్చేదాన్ని బట్టి పెరుగుతుంది. 14 ని 14 తో, మళ్ళీ 14 తో గుణిస్తే 2744. 9.5 ని అలాగే గుణిస్తే సుమారు 857. ఒకదాన్తో ఒకటి భాగిస్తే 3.2. అంటే నాలుగున్నర మి.మీ. లావు చేస్తే ఇరుసు మూడు రెట్లకి పైగా బలమైంది. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు క్లాసులో నవ్వు ఆగింది. ఇరుసు కూర్చునే చీలిక రేకు కూడా నొక్కి చేసిన పల్చటిది కాదు, 6 మి.మీ. వరకు మందం ఉన్న పలక.

క్రాంకు సంగతి కూడా అంతే. పాతవాటికి రెండు పెడల్ చేతులూ, మధ్య కడ్డీ ఒకే ఇనుముని వంచి చేసేవారు, చవక. ఎగిరి రెండు కాళ్ళ మీద దిగితే అది వంగిపోతుంది. అందుకని మూడు ముక్కలుగా చేశారు. మధ్యలో పళ్ళున్న కడ్డీ, అటొక చేయి, ఇటొక చేయి. ఫ్లోరిడాలో ప్రొఫైల్ అనే కంపెనీ కడ్డీకి 48 పళ్ళు ఉంటాయి. వందేళ్ళుగా మన సైకిళ్ళలో కాటర్ పిన్ను సుత్తితో కొట్టి బిగిస్తున్నాం, అది వదులైతే పెడల్ టక్ టక్ మంటాది, తెలుసు కదా. ఈ 48 పళ్ళు దానికి జవాబు.

హ్యాండిల్‌కి మధ్యలో అడ్డ కడ్డీ, ఇంటి దూలానికి అడ్డకర్ర లాగ. గేరు ఒకటే, ముందు 44 పళ్ళు, వెనక 16. ఒక చుట్టు తొక్కితే సుమారు నాలుగు మీటర్లు పోతుంది. బ్రేకు వెనక ఒకటి ఉంటే ఉంటుంది, ముందుది చాలామంది పీకేశారు. మొత్తం బరువు 13, 14 కిలోలు. ఈ రోజుల్లో వచ్చే బీఎంఎక్స్‌లు ఇంతకన్నా తేలిక, పళ్ళ చక్రాలు కూడా సగానికి తగ్గిపోయాయి. మేము పాతదాన్నే ఎందుకు తీసుకున్నామంటే దాని మీద విరుగుడు గుర్తులు కనపడతాయి. ఏది ఎందుకు లావైందో చూస్తే అర్థమైపోతుంది.

దిబ్బల గురించి ఒక ముక్క. కాలిఫోర్నియాలో షీప్ హిల్స్ అని, పెన్సిల్వేనియాలో పాష్ అని పేరున్న చోట్లు ఉన్నాయి. అవి ఎవరో కట్టించిన స్టేడియాలు కావు. కుర్రాళ్ళే పారలు పట్టుకొని మట్టి తవ్వి, తడిపి, పార వెనక్కి తిప్పి కొట్టి గట్టి చేసుకున్నవి. గాల్లోకి లేపేది ఒక దిబ్బ, దిగేది ఇంకొకటి, మధ్యలో గొయ్యి. దిగే దిబ్బ వాలుగా ఉండటంలోనే లెక్కంతా ఉంది. మీటరున్నర ఎత్తు నుంచి చదును నేల మీద పడితే సెకనుకి అయిదు మీటర్ల పైన వేగంతో తగులుతాం. వాలు మీద దిగితే ఆ వేగంలో చాలా భాగం ముందుకు పోవడానికి మారిపోతుంది. తవ్వనోడు తొక్కకూడదు, అని వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. అది మాకు బాగా నచ్చింది. మన దగ్గర ఊరి బాట వేసే రోజు ఇంటికో మనిషి రావాలి అన్నట్టే ఉంది. 1995లో ఎక్స్ గేమ్స్ మొదలైనప్పుడు డర్ట్ జంపింగ్ టీవీలోకి వెళ్ళిపోయింది. అదంతా వేరే కథ.

ఇంత వరకు సెమినార్లో చెప్పిందే. ఇంక చెప్పనిది.

మాలో ఇంకొకడి చెల్లికి తొమ్మిదిలో స్కూల్లో సైకిల్ ఇచ్చారు. ముందు బుట్ట, వెనక క్యారేజీ, మంచి రంగు. ఇంటికి తెచ్చిన రోజు ఊరంతా చూసింది. స్కూలుకి ఆరు కిలోమీటర్లు, అందులో మూడు రాళ్ళ బాట, ఒక వాగు, ఒక నిలువు దిగుడు. వర్షాలు పడేలోపే ఫోర్కు వెనక్కి ఒంగి చక్రం ఫ్రేముకి రాసుకోవడం మొదలెట్టింది. తర్వాత వెనక ఇరుసు. నాన్న తీసుకెళ్ళి చూపిస్తే, "మీ పిల్లలకి తొక్కడం రాదు, అడివిలో తిప్పితే ఇలాగే అవుతాది" అన్నారు. అన్నదెవరో ఇక్కడ అనవసరం. సైకిల్ ఇప్పుడు పశువుల శాలలో ఉంది, దాని మీద కోళ్ళు ఎక్కి పడుకుంటాయి. చెల్లి నడిచే వెళ్ళింది, పది పాసైంది.

మేము దసరా సెలవులకి వెళ్ళినప్పుడు ఆ సైకిల్ శాల్లోంచి బయటికి తీసి, కడిగి, స్కేలు పెట్టి కొలిచాం. ఫోర్కు వంగింది మెడ కింద. వెనక ఇరుసు వంగింది ఫ్రీవీల్ వైపు. చీలిక రేకు చిరిగింది. కాలిఫోర్నియా పిల్లల సైకిళ్ళు ఎక్కడెక్కడ విరిగాయో అక్కడే. చెల్లి దిబ్బల మీంచి దూకలేదు. పుస్తకాల సంచి, ఒక్కోసారి వెనక చిన్న తమ్ముడు, రాళ్ళ దిగుడు, గట్టిగా పట్టిన ముందు బ్రేకు. రాయి తగిలితే ఇనుముకి వచ్చే దెబ్బ ఒకటే, సరదాగా దూకినా, బడికి పోతున్నా. తొక్కడం రాకపోవడం కాదది. చదును రోడ్డు అనుకొని చేసిన సైకిల్‌ని కొండకి పంపించారు.

అలాగని డర్ట్ బీఎంఎక్స్ తెచ్చి మన పిల్లలకి ఇవ్వమని మేము అనం. అది మనకి పనికిరాదు. ఆరు కిలోమీటర్లు ఆ కింది సీటు మీద కూర్చొని ఎత్తు ఎక్కితే మోకాళ్ళు పోతాయి. చిన్న చక్రం గోతుల్లో దిగబడిపోతుంది. క్యారేజీ పెట్టే చోటు లేదు. దిగుడులో ముందు బ్రేకు లేకపోతే ప్రాణానికే ప్రమాదం. మనం తీసుకోవాల్సింది దాని ఆకారం కాదు. లావు ఇరుసు, గొట్టాల ఫోర్కు, మెడ దగ్గర గస్సెట్, మందం చీలిక పలక, ఇంతే. ఈ నాలుగూ 24 లేదా 26 అంగుళాల చక్రాల సైకిల్‌కి పెట్టొచ్చు. ఇనుము ఎంత పెరుగుతుందో మేము లెక్క వేస్తున్నాం, పెద్దగా ఏం పెరగదు.

సెమినార్ చివర్లో ఈ చెల్లి సైకిల్ ఫోటోలు రెండు చూపించాం, ఎవరిదో చెప్పలేదు. సార్ చాలాసేపు చూశారు. "ఒక సైకిల్ విరిగితే అది సంగతి. వంద సైకిళ్ళు ఒకే చోట విరిగితే అది డిజైన్ తప్పు. మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?" అని అడిగారు. మా మూడు ఊళ్ళలో మేము చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఎక్కువ తెస్తే ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇదే చేసుకోమన్నారు, ఫోర్కు చేసి ల్యాబులో విరిచి చూద్దాం అన్నారు.

మీతో పని ఇదీ. మీ ఊళ్ళో, మీ ఇంట్లో మూలపడ్డ సైకిల్ ఉంటే ఫోటోలు పంపండి. అమ్మేసిన, పారేసిన సైకిల్ గురించి అయితే నోటి మాటగా చెప్పినా చాలు. విరిగిన చోట దగ్గరగా ఒక ఫోటో, పక్కన స్కేలు గానీ పది రూపాయల బిళ్ళ గానీ పెట్టి. సైకిల్ మొత్తం కనపడేలా ఇంకొకటి. కొన్నాక ఎన్ని నెలలకి విరిగింది, దారి ఎలాంటిది, వెనక ఎవరైనా కూర్చునేవారా, బస్తా వేసేవారా, ఇదివరకు వెల్డింగు చేయించారా, ఈ నాలుగు ముక్కలు రాయండి. ఊరి పేరు, మండలం చాలు, పిల్లల పేర్లు వద్దు. ముఖ్యంగా ఆడపిల్లల సైకిళ్ళవి కావాలి, అవి మధ్య గొట్టం వంచి చేస్తారు కాబట్టి ఫ్రేము ఇంకోలా విరుగుతుంది, దాని లెక్క వేరేగా వేయాలి.

అల్లూరి జిల్లా ఒక్కటే కాదు. రంపచోడవరం వైపు, సీతంపేట, పార్వతీపురం, అటు ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం వైపు ఉన్న తమ్ముళ్ళు చెల్లెళ్ళు కూడా పంపండి. రాళ్ళు వేరు, బాటలు వేరు. సిగ్నల్ లేని ఊళ్ళ వాళ్ళు సంతకి వచ్చిన రోజు పంపినా సరే, మేము సంక్రాంతి సెలవుల దాకా చూస్తాం. శాల్లో ఉన్న సైకిల్‌ని పాత ఇనుము వాడికి మాత్రం అప్పుడే వేసేయకండి.